ఖాళీ పేజీ మీద నా సంతకం

ఆ రోజుల్లో మా ఊరి పంచాయతీ ఆఫీసును ఎవరూ పంచాయతీ ఆఫీసు అనేవాళ్లు కాదు, అసెంబ్లీ అనేవాళ్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే వైపు ఉన్న ఊరు మాది. పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ ఇద్దరు ముగ్గురికి పొలమారుతుంది. ముందు రేకుల వరండా, లోపల ఒక గది, గదిలో పొడుగాటి బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, సర్పంచు కుర్చీ వైపే గాలి కొట్టే ఫ్యాను. "అసెంబ్లీ నడుస్తాండాది" అని బస్టాపులో ఎవరైనా అంటే, పద్నాలుగు మంది వార్డు మెంబర్లూ సర్పంచూ కూర్చుని ఊరి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయిస్తున్నారని అర్థం. ఆ పద్నాలుగు మందిలో అందరికంటే చిన్నదాన్ని నేను. ఇరవై మూడేళ్లు. ఆదోనిలో బీకాం పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నప్పుడు మా కాలనీ వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. చదువుకున్న పిల్ల కదా అని కాలనీవాళ్లు నా చేత నామినేషను వేయించారు. (అసలు కారణం వేరు. "ఈ పిల్ల పొద్దున లేస్తే మనతో కొట్లాడుతుంది, ఇంక ఊరోళ్లతో కొట్లాడనీ, మనకు రవ్వంత తెరిపి" అని మా ఎదురింటి అత్త అన్నదట. ఆ మాట నా దాకా వచ్చింది. మరిచిపోలేదు.)

నా స్వభావం గురించి ముందే చెప్పుకోవడం న్యాయం. నాకు జరిగిన అవమానాలు నాకు వరసగా గుర్తుంటాయి. ఐదో తరగతిలో జెండా పండుగ నాడు అందరికీ రెండు చాక్లెట్లు ఇచ్చి నాకు ఒకటే ఇచ్చిన సారు, పన్నెండేళ్ల తర్వాత మా చిన్నాయన పెళ్లిలో కనబడితే నమస్కారం పెట్టి, "ఇంగొకటి బాకీ ఉండారు సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. "అందరికీ కడుపులో పేగులుంటాయి, దీనికి రిజిస్టర్లు ఉండాయి" అని అమ్మ తలకొట్టుకునేది. అలాంటిదాన్ని తీసుకుపోయి అసెంబ్లీలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత జరిగినదానికి ఊరు నన్ను తప్పుపట్టడానికి లేదు.

మా కాలనీకి అప్పట్లో ఒకటే బోరు. నేను మెంబరు అయిన నెలలోనే దాని మోటారు కాలిపోయింది. ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని మెయిన్ రోడ్డు దాటి, పత్తి మిల్లు వెనకున్న కొళాయికి పోవలసివచ్చింది. అమ్మ పగలంతా మిరపకాయలు కోసి వచ్చి, సాయంత్రం రెండు బిందెలతో రోడ్డు దాటేది. ఒకరోజు లారీ హారను కొడితే బెదిరి, బిందెతో సహా పడింది. మోకాలు వాచి బూరె అయింది. పరామర్శకు వచ్చిన ఎదురింటి అత్త, "మెంబరు తల్లివి, నీకే ఈ గతి పడితే మాదేముంది వదినా" అని, నా వైపు చూడకుండా నాకే చెప్పి పోయింది. మోటారు పెట్టించకపోతే నేను ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేను. అమ్మ రెండోసారి పడితే ఆ మోకాలు అసలు నిలవదు.

ఆ పట్టుదలతోనే నా మొదటి సమావేశానికి పోయాను. లోపలికి అడుగు పెట్టగానే గంట తాత (ఆఫీసు అటెండరు, సమావేశానికి ముందు ఇత్తడి గంట కొట్టేవాడు కాబట్టి ఆ పేరు) తీర్మానాల పుస్తకం నా ముందుకు తోశాడు. "సంతకం పెట్టు పాపా. ముందు సంతకం, తర్వాత కూర్చునేది. ఈడ అంతే." పేజీ ఖాళీగా ఉంది. అందరూ పెడుతున్నారు, నేనూ పెట్టాను. కూర్చోవడానికి చూస్తే కుర్చీలు అయిపోయాయి. బీరువా పక్కన మూడు కాళ్లు సమంగా, నాలుగోది ఇష్టప్రకారం ఉండే స్టూలు చూపించారు. ఇంతలో హోటలు నుంచి ఉగ్గాని వచ్చింది. నానబెట్టిన బొరుగులకు తిరగమోత పెట్టి, పుట్నాలపొడి చల్లిన ఆ ఉగ్గాని వాసనకు, పక్కన పడుకున్న మిరపకాయ బజ్జికి లొంగని మెంబరు మా సీమలో పుట్టలేదు. మా అసెంబ్లీ నడిచే పద్ధతే ఆ ప్లేటు మీద ఆధారపడి ఉండేది. అందరి నోళ్లూ నిండాక సెక్రటరీ సారు పద్దులన్నీ ఒకే ఊపిరిలో చదివి, "ఆమోదమేనా?" అనేవాడు. బజ్జి ఘాటుకు పద్నాలుగు తలలూ ఊగేవి. ఊగిన తలనల్లా సారు ఆమోదం కింద రాసుకునేవాడు.

ఆ రోజు ప్లేట్లు అందరికీ వచ్చాయి, నాకు తప్ప. "పాప ఇంటికాడ తినే వచ్చింటాదిలే" అని గంట తాత చివరి ప్లేటు తీసుకుని వరండాలోకి పోయాడు. (తినలేదు. పొద్దున నుంచి ఏమీ తినలేదు.) తినడానికి ఏమీ లేదు కాబట్టి బల్ల మీదున్న కాగితాలు చదివాను. ప్రజాసేవ చేద్దామని కాదు, ఆకలితో చదివాను. మొదటిదే హోటలు చీటీ. నలభై ప్లేట్లని రాసి ఉంది. గదిలో ఉన్నది పదహారు మందిమి. లేచి నిలబడి, "సార్, నా ప్లేటు యాడ?" అన్నాను. గదంతా ఒక్కసారి నవ్వింది. సర్పంచు (ఊరంతా పెదనాయన అనే పిలిచేది, నేనూ అంతే) మీసం తుడుచుకుని, "పాపకు ఆకలైతాందంట, ఒక ప్లేటు తెప్పియ్యండప్పా" అన్నాడు.

"తెప్పియ్యాల్సిన పనిలేదు పెదనాయనా, చీటీలో నాది గూడా తెచ్చినట్లే ఉండాది. మనం పదహారు మందిమి, ప్లేట్లు నలభై. మిగతావి యాడ పోయినాయి?"

"వచ్చిపోయేటోళ్లు ఉంటారు గదమ్మా."

"వచ్చిపోయేటోళ్లకు ఇరవై నాలుగు ఉండి, వచ్చి కూర్చున్న నాకు ఒకటి లేదా?"

మళ్లీ నవ్వారు. సెక్రటరీ సారు "సర్దుకుందాం లేమ్మా, సర్దుకుందాం" అన్నాడు. (సారుకు అన్నిటికీ అదే మందు. ఊళ్లో ఆయన్ను సర్దుబాటు సారు అనేవాళ్లు.) మోటారు సంగతి ఎత్తేలోపే గంట మోగింది, సభ ముగిసింది.

రెండు రోజుల తర్వాత మోటారు కోసం ఆఫీసుకు పోతే సర్దుబాటు సారు ఆశ్చర్యపోయాడు. "అదేంటమ్మా, వాయిదాకు నువ్వే కదా ఒప్పుకున్నావు?" అని పుస్తకం తిప్పి చూపించాడు. నేను సంతకం పెట్టినప్పుడు తెల్లగా ఉన్న పేజీ నిండిపోయింది. నిధుల కొరత వలన కాలనీ మోటారు మరమ్మతును నిధులు సమకూరేవరకు వాయిదా వేయడానికి సభ్యులందరూ ఏకగ్రీవంగా అంగీకరించారట. కింద నా సంతకం, గుండ్రంగా, బీకాం చదివిన చేతిరాతలో. అమ్మ బిందెల మీద నేనే ఓటు వేసి వచ్చాను! ఇంటికి పోయి అమ్మ మోకాలికి వేడినీళ్ల తల ఎత్తకుండా కాపడం పెట్టాను. "ఏమైంది, ఎవురన్నా ఏమన్నా అన్యారా?" అని అమ్మ అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా అంటే వాళ్ల మీద రాసుకుంటాను. ఈసారి రిజిస్టరులో నా పేరే రాసుకోవలసి వచ్చింది.

మరుసటి నెలలో బడ్జెట్ సమావేశం. రాబోయే ఏడాదికి ఏ పద్దుకు ఎంత అని తేల్చే రోజు. అందరికంటే ముందే పోయాను. గంట తాత అలవాటు ప్రకారం పుస్తకం తోశాడు. ఖాళీ పేజీ. పేజీ నడుమ సంతకం పెట్టి, దాని పైన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం రాశాను: "ఈ పేజీలో తీర్మానాలేవీ రాయకముందే, ఉదయం పదిన్నరకు, సంతకం చేశాము." చేశాను అని రాయాల్సింది, చేశాము అని రాశాను. నా కింద సంతకం పెట్టేవాళ్లందరికీ అది వర్తించాలని కావాలనే రాశాను. పుస్తకాన్ని పక్కకు జరిపి స్టూలు మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్కరే నా సంతకం కింద తమ సంతకం పెట్టారు. ఒక్కరూ చదవలేదు. చివరికి సర్పంచు పెదనాయన వచ్చి, నిలబడే సంతకం చేసి, ముద్ర మీద ఉఫ్‌మని ఊది మరీ గుద్దాడు. నాకు లోపల నవ్వు ఆగలేదు, దగ్గినట్లు నటించాను. "పాపకు నీళ్లియ్యండి" అన్నాడు పెదనాయన. నీళ్లే కావాలి పెదనాయనా, అదే మా బాధ, అనుకున్నాను.

ముందు వరసకు ఉగ్గాని అందింది. సారు బడ్జెట్ కాగితాలు తీసి, పుస్తకం తెరిచి, కలం ఎత్తి, అలాగే ఆగిపోయాడు. రెండుసార్లు చదువుకున్నాడు. ముఖం నానిన బొరుగులా అయింది.

"ఏందమ్మా ఇది రాసినావు?"

"నిజం రాసినా సార్."

"ఏమైంది సారూ?" అన్నాడు పెదనాయన. సారు చదివి వినిపించాడు. ముందు వరసలో నమలడం ఆగింది.

"ఆ పేజీ చించి పారేయ్."

"పేజీలకు నంబర్లున్నాయండీ. ఆడిట్‌లో అడుగుతారు."

"అయితే కొట్టేయ్."

"కొట్టేస్తే పక్కన మీరు సంతకం పెట్టాలి. ఎందుకు కొట్టేశారో రాయాలి."

పెదనాయన నా వైపు తిరిగాడు. "పాపా, ఆపొద్దు ప్లేటు ఇయ్యలేదని కడుపులో పెట్టుకున్యావా?"

"పెట్టుకున్యా పెదనాయనా. ప్లేటు గూడా, ఈ స్టూలు గూడా." అబద్ధం ఎందుకు చెప్పాలి? "అయితే ఈపొద్దు దానికి రాలే. తర్వాత పేజీలో ఒక్కొక్క పద్దు గట్టిగా సదవండి. సదివి, చేతులు ఎత్తిచ్చి, మా కండ్ల ముందర రాయండి. అప్పుడు అందరం మళ్లీ సంతకం పెడతాం. ఆడిట్ సారు వస్తే నేనే చెప్తా, తప్పు దిద్దుకున్యారని."

వేరే దారి లేదు. సారు చదవడం మొదలుపెట్టాడు. వీధి దీపాలు, చెత్త బండి, కాలువల పూడిక. ప్రతిదానికీ ఎవరో ఒకరు "అంతెందుకు?" అన్నారు. అడగొచ్చని తెలిశాక అందరికీ అడగాలనిపించింది. చివరికి "సమావేశాలు, అతిథి మర్యాదలు" వచ్చింది. తాగునీటి మోటార్ల మరమ్మతులకు పెట్టినదానికి అది మూడింతలు. నేను స్టూలు మీద నుంచి లేచాను (అది వెంటనే పక్కకు ఒరిగింది). ఈ పద్దును సగం చేసి, ఆ సగం మా కాలనీ మోటారుకు వేయాలన్నాను.

"ఎమ్మిగనూరు నుంచి ఆఫీసర్లు వస్తారు, ఆదోని నుంచి వస్తారు," అన్నాడు పెదనాయన. "వాళ్లకు మర్యాద సేయకుంటే ఊరి పరువేం గావాల?"

వెనక వరసలో ఎప్పుడూ నోరు తెరవని రొట్టెల పెద్దమ్మ గొంతు వినిపించింది. జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే మనిషి. మా పక్క వార్డు మెంబరు, ఆ వార్డుకూ మా బోరే దిక్కు. "వచ్చినోళ్లకు సల్లగా చెంబుడు నీళ్లిస్తే పరువు నిలుస్తాదన్నా. ఆ నీళ్లే మా కాడ లేవు."

చేతులు ఎత్తమన్నారు. పదిహేను మందిలో ఎనిమిది కావాలి. నాది ఎత్తాను. పెద్దమ్మ ఎత్తింది. వెనక వరసలో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఎత్తారు. కిటికీ బయట నుంచి ఒకామె భర్త వద్దు వద్దని సైగ చేస్తుంటే, ఆమె కొంగు సర్దుకుని అటు చూడడం మానేసింది. ఏడు. ఇంకెవరూ కదల్లేదు. ముందు వరసలో, మా కాలనీని ఆనుకున్న ఇంకో వార్డు మెంబరు బీడీల మామ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఎడమ చేతిలో ప్లేటు, కుడి చేతిలో ఉగ్గాని ముద్ద.

"నాకు ఎత్తను చేయి యాడుండాదబ్బా" అని గొణిగి, ప్లేటు ఒళ్లో పెట్టుకుని, బొరుగులు అంటుకున్న కుడి చేయి పైకి లేపాడు.

"నువ్వు గూడానా?" అన్నాడు పెదనాయన.

"ఏం జేయాలన్నా, నువ్వైతే సాయంత్రం మీ ఇంటికి పోతావు. నేను మా ఇంటికి పోవాల గదా. నీళ్లు మోసేది నా పెండ్లాము."

ఎనిమిది! సారు రాశాడు. మా కళ్ల ముందే రాశాడు. ఆ సమావేశం మధ్యాహ్నం దాకా సాగింది, ఉగ్గాని చల్లారిపోయింది, మా ఊరి చరిత్రలో బడ్జెట్ పూర్తిగా చదివి ఆమోదించడం అదే మొదటిసారి అని సారే ఒప్పుకున్నాడు. ఆ మాట పొగడ్తగా అనలేదు. నేను మాత్రం పొగడ్తగానే తీసుకున్నాను, ఇప్పటికీ అలాగే దాచుకున్నాను.

ఉగాది దాటగానే ఎమ్మిగనూరు నుంచి మోటారు వచ్చింది. స్విచ్చి పెదనాయన వేశాడు. పేపరులో వచ్చిన ఫోటోలో ఆయన ఉన్నాడు, సారు ఉన్నాడు, గంట తాత కూడా ఉన్నాడు. నాది ఒక మోచేయి వచ్చింది. ఆ మోచేయి నాదేనని గాజులు చూపించి కాలనీలో ఇంటింటికీ రుజువు చేశాను. ఎదురింటి అత్త తన బిందెతో పాటు అమ్మ బిందె కూడా నింపి గుమ్మంలో పెట్టింది. అమ్మ ఒక గ్లాసు ముంచుకుని తాగి, నోరు చప్పరించి, "ఉప్పగా ఉండాయి" అంది. అంతే. పొగడలేదు. కానీ ఆ సాయంత్రం అమ్మ రోడ్డు దాటలేదు. గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని, పోయే లారీలను ఊరికే చూసింది. నా జీవితంలో నేను సాధించినవాటిలో ఆ చాపిన కాళ్ల కంటే పెద్దది ఇంకా ఏదీ లేదు.

ఐదేళ్లకు రిజర్వేషను మారింది, నా మెంబరుతనం పోయింది. ఇప్పుడు ఆదోనిలో ఒక పత్తి మండీలో లెక్కలు రాస్తున్నాను. మొన్న సెలవు దొరికితే గ్రామసభకు పోయాను. సెక్రటరీ కొత్త, మెంబర్లు కొత్త. వరండాలో చెప్పులు విడుస్తుండగానే లోపల నుంచి ఎవరిదో గొంతు: "అన్నా, ఆ యక్క వచ్చినాది. బిల్లుల ఫైలు బయటికి తీ." ఎవరూ నమస్కారం పెట్టలేదు, బాగున్నావా అని అడగలేదు. (రాసుకున్నాను.) ఫైలు మాత్రం నేను కూర్చునేలోపే ముందుకు వచ్చింది. సంచిలో నుంచి కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాను. జోడు లేకుండా, ఖాళీ కడుపుతో, ఒక్క చూపుతో తప్పు పట్టేసిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల మీద కొంచెం అసూయ వేసింది. ఆమెకు రెండు నిమిషాల్లో దొరికేది నాకు పావుగంట పట్టింది.

దొరికింది మాత్రం.