టీవీకి చెప్పిన మాటలు

నా పేరు కోటమ్మ. వయసు డెబ్బై నాలుగో, ఐదో. మాది గురజాల పక్కన పల్లె. ఇంట్లో కొడుకు, కోడలు, మనవరాలు, నేను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మధ్యలో సొంత తెలివి కలపొద్దని దానికి ముందే చెప్పాను.

గోడ అవతల ఉండే నా తోటికోడలు పోయిన శనివారం తెల్లారేసరికి పోయింది. పెద్దకర్మ నాడు ఆమె విస్తట్లో పెట్టడానికి జొన్నన్నం, కొరివికారం నేను వండి తెస్తానన్నాను. ఆమె కొడుకు, నా చంకలో పెరిగినవాడే, వాకిట్లో నలుగురి ముందు అన్నాడు:

"పదకొండేళ్ళు మా అమ్మతో మాట్లాడలేదు నువ్వు. మాటల్లేని మనిషి చేతి కూడు మా అమ్మకొద్దు పెద్దమ్మా."

పెద్దకర్మ రోజు పంచడానికి వాడు స్మృతి పుస్తకం అచ్చు వేయిస్తున్నాడు. తల్లికి సీరియళ్ళంటే ప్రాణమని అందులో రాశాడట. మనవరాలు చదివి వినిపిస్తే నా ఒళ్ళు మండింది. అందుకే ఇది చెబుతున్నాను. పుస్తకంలో వేస్తే వేయనీ, లేకపోతే మా గోడకు అంటిస్తాను. దారిన పోయేవాళ్ళు చదువుకుంటారు.

మా మధ్య మాటలు పోయింది నిజమే. నా గేదె తాడు తెంపుకుని పోయి, వాళ్ళ కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తొక్కింది. ఆమె గేదెను తిట్టింది, నేను ఆమెను తిట్టాను. మాట మాట పెరిగి, ఆమె పక్కనే నిలబడ్డ తన కొడుకు తల మీద చెయ్యి పెట్టి, "ఇక నీతో మాట్లాడితే వీడి మీద ఒట్టు" అంది. వాడప్పటికే మీసాలొచ్చిన మగాడు. ఆ చెయ్యి బరువు వాడు మర్చిపోయాడు, మేం మర్చిపోలేదు.

మా మగవాళ్ళు బతికుండగా ఇద్దరూ కలిసి కొన్న టీవీ ఒకటుంది. ఇల్లు పంచుకున్నప్పుడు దాన్ని నరికి పంచలేక ఉమ్మడి వసారాలోనే ఉంచారు. దీపాలవేళకు ఆమె ఆ చివర, నేను ఈ చివర చేరేవాళ్ళం. మధ్యలో నలుగురు కూర్చునేంత ఖాళీ.

సీరియళ్ళంటే ప్రాణమట. ఆమె సీరియల్ చూసేది తిట్టడానికి. పట్టుచీర కట్టుకుని, వడ్డాణం పెట్టుకుని నిద్రపోయే అత్తను లోకంలో ఎవరైనా చూశారా? విషం కలిపిన పాలగ్లాసు వంటింట్లోంచి హాల్లోకి రావడానికి వారం పడుతుంది. ఈలోగా ఆ పాలు విరిగిపోవా? ఎవడో గుమ్మంలోకి వస్తే ఇంట్లో అందరి మొహాలూ మూడేసి సార్లు చూపిస్తారు, ఉరుములతో సహా. చూపించిన కొద్దీ మొహం మారుతుందా? చచ్చినవాడు ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుని తిరిగొస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. దూడను వంద గేదెల్లో వదిలినా తల్లి గేదె గుర్తుపడుతుంది. ఆ కథ రాసినవాడికి గొడ్డు పాటి బుద్ధి లేదు.

పాతవి గొప్పవని చెప్పను. ఒకటే ఛానల్ ఉన్న రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మిరపతోటలో నిలబడి పురుగుమందు సంగతులు చెప్పేవాడు. ఆ చొక్కా మీద చిటికెడు మట్టి ఉండేది కాదు. అయినా అరగంట చెప్పి మర్యాదగా వెళ్ళిపోయేవాడు. ఇప్పటివాళ్ళు పోరు. వార్తలంటూ ఆరుగురు కూర్చుని ఒకేసారి అరుస్తారు. కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకునే మేమే నయం, ఒకరు తిడుతుంటే రెండోవాళ్ళు ఊపిరి తీసుకునేవాళ్ళం. మొగుడూ పెళ్ళాల తగువు ఊరందరికీ చూపించే కార్యక్రమం ఇంకోటి. పని లేనివాళ్ళను ఒక ఇంట్లో పెట్టి తాళం వేస్తే, వాళ్ళు ఆవలించడం చూడటానికి మనం పనులు మానుకోవాలట.

ఒట్టు తర్వాత వారం రోజులు ఇద్దరం నోరు కుట్టేసుకుని చూశాం. ఒకనాడు సీరియల్లో అత్త గబగబా మేడ మెట్లు ఎక్కుతోంది. నా తోటికోడలు తెర మీంచి చూపు తిప్పకుండా అంది:

"మోకాలికి నూనె రాసుకోమంటే రాసుకోవు. రేపు మంచాన పడితే నీకెవురు చేస్తారు?"

తెర మీద అత్తకు మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నొప్పి నాది. నేనూ టీవీనే చూస్తూ, అక్కడ ఏడుస్తున్న కోడలికి చెప్పాను:

"ముందు నువ్వు బీపీ మాత్ర మింగవే. తర్వాత నాకు చెబుదువుగాని."

ఆ రోజు మొదలు పదకొండేళ్ళు అలాగే మాట్లాడుకున్నాం. వార్తల్లో అరిచే టై మనిషిని పట్టుకుని, "మనవరాలికి ఇంజినీరింగ్ సీటొచ్చిందంట గదా, మాకు చెప్తే అరిగిపోతావా?" అని అడిగింది. మర్నాడు నేను వంటల కార్యక్రమంలో పిల్లతో ఆ సంగతంతా చెప్పాను. ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోకముందే అద్భుతం అంటుంది, గోంగూరలో పంచదార వేస్తుంది. అది చూసి నా తోటికోడలు ఆ పిల్లకు ఒక హెచ్చరిక చేసింది.

"నేను పోయినాక నా విస్తట్లో ఇట్టాంటివి పెట్టారంటే లేచొచ్చి తిడతా. ఇంత జొన్నన్నం, కొరివికారం చాలు."

ఆ మాట చెవులారా విన్నది నేను. ఆమె కొడుకు మాత్రం పెద్దకర్మకు పనీరు కూర చెప్పాడు.

మూడు నెలల కిందట ఆమె మంచాన పడింది. వసారాలోకి రాలేక, టీవీ టీవీ అని అడిగేది. కొడుకు మంచి మనసుతోనే గోడంత కొత్త టీవీ తెచ్చి మంచం ముందు బిగించాడు. ఆమె దాన్ని చూసి మొహం పక్కకు తిప్పుకుని మళ్ళీ టీవీ అందట. చెవులు సరిగ్గా వినిపించడం లేదేమోనని వాడు సౌండు పెంచాడు. మళ్ళీ అంటే మళ్ళీ పెంచాడు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారు, తల్లి అడిగింది టీవీని కాదని వాడికి తట్టలేదు.

నువ్వెందుకు వెళ్ళలేదని మీరు అడుగుతారు. నేను గుమ్మంలో కనపడితే ఆమె నన్ను అక్కా అని పిలిచేది. పిలవకుండా ఉండే బలం ఆ మనిషికి లేదు. ఆ పిలుపు ఎవరి తలకు తగులుతుంది? మీకు ఒట్లు నవ్వులాట కావచ్చు. నేను ఆ గుమ్మం తొక్కకుండా కాపాడింది, ఇప్పుడు నా చేతి కూడు వద్దంటున్నవాడి తలనే.

ఆమె పోయే ముందునాడు, శుక్రవారం సాయంత్రం గోడకు ఇవతల నా మంచం మీద కూర్చున్నాను. అవతల కొత్త టీవీలో ఉరుములు, ఏడుపులు. గోడకు మొహం పెట్టి, ఆ ఏడ్చేదాన్ని గట్టిగా తిట్టాను.

"ఏమే, గుక్కెడు గంజన్నా తాగావా? పిల్లోడు నీ ఎనక తిరగలేక చస్తున్నాడు. తాగి పడుకో."

అవతల ఉరుములు తగ్గాయి. ఇంకాస్త తగ్గాయి. ఆ గదిలో ఆ వేళ ఆమె తప్ప ఎవరూ లేరు. చివరికి టీవీ పూర్తిగా ఆగిపోయింది. నేను మాట ఆపలేదు. మునక్కాయలు ముదిరిపోతున్నాయని, నడికుడి నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసిందని, నా కోడలు పులుసులో ఉప్పెక్కువ వేసిందని, గొంతు పోయేదాకా ఆ గోడకు చెబుతూనే ఉన్నాను. అవతల చిన్న చప్పుడు కూడా లేదు. వినే మనిషి ఉన్న చోట ఉండే నిశ్శబ్దం అది.

ఇందులో అబద్ధం లేదని నా వేలిముద్ర వేస్తున్నాను.

ఇది కోటమ్మ నిశానీ.

సాక్షులు:
శిరీష, మనవరాలు, చెప్పింది చెప్పినట్టు రాసినందుకు.
అనూష, గోడ అవతల ఇంటి కోడలు, శుక్రవారం సాయంత్రం వంటింట్లో ఉండి, టీవీ ఆగడం, పెద్దత్త గొంతు విన్నందుకు.