రెండు మీటర్ల నలభై

ఆఫీసులో ఆమెను మిల్లీమీటరమ్మ అంటారు. ఎదురుగా కాదు, టీ గదిలో. డ్రోన్ తీసిన వందల ఫొటోలను కంప్యూటర్లో ఒకదానికొకటి అతికించి, కొలుచుకోవడానికి వీలైన పటంగా మార్చడం ఆమె పని. పదమూడేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ, కిటికీ అవతల అదే గోడ. ఎవరైనా "సుమారుగా" అన్నారంటే ఆమె మాట్లాడకుండా కళ్లద్దాలు తీసి తుడుచుకునేది. అది తిట్టుతో సమానమని కొత్తగా చేరినవాళ్లకు వారంలోనే తెలిసిపోయేది. అలాంటి మనిషి రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు తప్పింది.

ఆ సంగతి సోమవారం ఉదయం కంప్యూటరే చెప్పింది. రోడ్డు వెడల్పు చేసే కంపెనీ వాళ్లు గురువారం తారు వేస్తామని, పాత సమాధుల స్థలం హద్దులు కావాలని అడిగారు. రోడ్డుకు అడ్డమని అక్కడి సమాధులను కొత్తచోటికి తరలించిన రెండేళ్ల నాటి ఫైలు తెరిచింది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్. తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది: పాత సమాధుల రిజిస్టర్ పటం ఒక డేటమ్‌లో ఉంది, ఫొటోలు ఇంకో డేటమ్‌లో ఉన్నాయి, మధ్య ఏ మార్పిడీ పెట్టలేదు, కొనసాగించమంటారా?

డేటమ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. నేలను ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చెప్పే మూలం, అంతే. పాతకాలపు పటాలకు ఒక మూలం, ఉపగ్రహాల కొలతలకు మరొకటి. రాయి ఉన్నచోటే ఉంటుంది, దాని అంకెలు మాత్రం రెండు లెక్కల్లో రెండు రకాలు. ఈ లెక్కలోంచి ఆ లెక్కలోకి మార్చమని మనం చెప్పాలి. పాత వెర్షన్‌కు చెప్పకపోతే అది అడిగేది కాదు, తేడా సున్నా అనుకుని తన పని తాను చేసుకుపోయేది. ఆ రోజు ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే తెలివి యంత్రాలకూ వచ్చినట్టుంది.

తప్పు ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో ముందుగా రాళ్లు తీసి, నంబర్లు రాసి, పక్కన పేర్చారు. నేల చదును చేశారు. ఆ తర్వాతే డ్రోన్ ఎగిరింది. ఆ చదును నేల మీద ఎక్కడ తవ్వాలో ఆమె ఇచ్చిన గుర్తులే చెప్పాయి. సమాధుల వరుసకూ వరుసకూ మధ్య దూరం సరిగ్గా రెండు మీటర్ల నలభై. కాబట్టి తవ్విన ప్రతిచోటా ఎవరో ఒకరు దొరికారు, అయితే ముందు వరుసవాళ్లు. మొదటి వరుస గుర్తుల దగ్గర మాత్రం ఏమీ దొరకలేదు. పాతవి, కరిగిపోయుంటాయని అందరూ అనుకున్నారు, ఆ మాట రిపోర్టులో టైపు చేసింది కూడా ఆమే. ఇక చివరిదైన పంతొమ్మిదో వరుసను ఎవరూ తవ్వనే లేదు. ఇరవై ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు. గురువారం వాళ్ల మీద తారు పడుతుంది.

ఆ వరుసలో పన్నెండో మనిషి ఆమె భర్తకు మొదటి భార్య.

ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఈమె ఆ ఇంట్లో కాలుపెట్టి నాలుగేళ్లు. ఆవిడ కూతురికి ఇప్పుడు పదిహేను. ఆ పిల్ల ప్రతి శనివారం సైకిలు మీద కొత్త సమాధుల స్థలానికి వెళ్లి, రాయి పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పి వస్తుంది. వచ్చాక అన్నం సరిగ్గా తింటుంది. ఈమెతో మాత్రం అవసరానికి రెండు ముక్కలు, ఆ ముక్కలకు ముందు ఏ పిలుపూ ఉండదు. కొట్లాట ఏనాడూ లేదు. కొట్లాడుకోవడానికైనా కాస్త చనువుండాలి కదా.

సోమవారమంతా ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. మత్తింజెక్షన్ ఇచ్చిన పంటి చుట్టూ ఉన్న చిగుళ్లలా లోపలంతా మొద్దుబారింది. సాయంత్రం మేనేజరుకు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. తలుపు వేసి, జనం పూలు పెట్టుకుని స్థిమితపడ్డారనీ, నాలుగువందల ఇళ్ల తలుపులు తట్టి ఏం చెబుతావనీ, మూడు రోజులు ఓపిక పడితే అంతా కిందే ఉండిపోతుందనీ నచ్చజెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె తలూపి ఇంటికొచ్చింది.

వంటింట్లో పిల్ల బూట్లు తుడుచుకుంటోంది. ఆమె నిలబడే, రిపోర్టు చదివినట్టు చెప్పింది.

"శనివారం నువ్వెళ్లే చోట మీ అమ్మ లేదు. పాతచోటే ఉంది. గుర్తులు తప్పుగా పెట్టాను. తప్పు నాదే."

పిల్ల బ్రష్ ఆపలేదు. "మరి అక్కడున్నదెవరు?"

"ముందు వరుసలో పన్నెండో ఆయన. గడియారాలు బాగుచేసేవాడట."

"లెక్కల పరీక్ష తప్పిన సంగతి నాన్నక్కూడా చెప్పలేదు," అంది పిల్ల. "ఆ గడియారాలాయనకే చెప్పాను."

ఇద్దరిలో ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. పిల్ల రెండో బూటు కూడా తుడిచి, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. తారు ఆపమని రేపే రాసి ఇస్తానని ఆమె తలుపుకు చెప్పింది.

మంగళవారం రాసి ఇచ్చింది. మేనేజరు కాగితం చదివి, ఆమె ముఖంలోకి చూడకుండా పైకి పంపాడు. ఆ మధ్యాహ్నమే ఇకమీదట పటాల మీద ఆమె సంతకం చెల్లదన్నారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత చెబుతామన్నారు. తారు బండ్లు ఆగాయి. కొత్తచోట ఎవరినీ మళ్లీ తవ్వక్కర్లేదని, రాళ్లను ఒక్కో వరుస జరిపితే ఎవరివి వాళ్లకు సరిపోతాయని ఆమే లెక్క వేసి చూపించింది. అయినా ఫోన్లు వచ్చాయి. ఒకావిడ తిట్టిన తిట్టు తిట్టకుండా పావుగంట తిట్టింది. ఆమె రిసీవరు చెవికి ఆనించుకుని అంతా వింది. ఒక్కటీ లోపలికి దిగలేదు.

చివరి వరుసను శుక్రవారం తవ్వారు. భర్త గేటుదాకా వచ్చి, ఒకసారి చూశాను చాలు, ఇంకోసారి నా వల్ల కాదని కారులోనే ఉండిపోయాడు. పిల్ల దిగింది. నాలుగు రోజులుగా ఆమెతో ఒక్క మాటా లేదు, ఇప్పుడూ నాలుగు గజాల దూరంలో నిలబడింది. పన్నెండో గుర్తు దగ్గర పార ఆగింది. తవ్వే మనిషి వంగి చూసి, "ఉన్నారమ్మా" అన్నాడు.

గుమాస్తా అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం పట్టుకొచ్చాడు. అప్పగింత పత్రం, పెద్దవాళ్లెవరైనా సంతకం చెయ్యాలన్నాడు. ఆమె పెన్ను తీసుకుంది. పేరు రాసింది, చిరునామా రాసింది. మూడో గడి దగ్గర చెయ్యి ఆగింది.

"పోయినావిడకి మీరేమవుతారు?" అన్నాడు గుమాస్తా.

సవతి అని రాయాలా? ఏమీ కానని రాయాలా? గుర్తు తప్పుగా పెట్టినదాన్నని రాయడానికి ఆ గడి చాలదు. గుమాస్తా మళ్లీ అడిగాడు. వెనక ఇంకో ఇరవై ఒక్క ఇళ్లవాళ్లు నిలబడి ఉన్నారు.

"చెల్లెలు," అంది పిల్ల. గుంతలోకే చూస్తూ అంది, ఇటు తిరగలేదు.

ఆమె ఆ గడిలో చెల్లెలు అని రాసింది. అప్పుడు ఏడ్చింది. తుడుచుకోవడానికి కళ్లద్దాలు తీస్తే ఎదుట ఏదీ ఆనలేదు, సంతకం ఎక్కడ పెట్టాలో గుమాస్తా వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.