టెస్టర్ పెట్టని మాట

నేను నిఘంటువులు అచ్చువేసే చోట ప్రూఫులు దిద్దుతాను. ఇవాళ ఒక పుటలో ‘అపిస్తియా’ అనే గ్రీకు మాట తగిలింది. నమ్మకపోవడం, అనుమానం అని పక్కన అర్థం. అచ్చుతప్పేమీ లేదు. మా బావ గుర్తొచ్చి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను.

బావ నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్. మెయిన్ ఆపేశామని పైవాళ్ళు చెప్పినా, ఫ్యూజు పీకి చేతికిచ్చినా, టెస్టర్ ఆనించి చూడందే వైరు ముట్టుకోడు. మొండిఘటం. ‘అనుమానం మేస్త్రి’ అని అందరూ ఏడిపించేవాళ్ళు. ఏడిపించినవాళ్ళలో ఒకడు పక్కవాడి మాట నమ్మి తీగ పట్టుకుని, షాక్ కొట్టి మంచాన పడ్డాడు. ఆ తర్వాత అదే పేరు గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు.

ఆ జబ్బు మిల్లు గేటు దగ్గర వదిలేసి వస్తే బాగుండేది. అక్క పొయ్యి ఆపానంటే వెళ్ళి మీట తడిమేవాడు. తాళం వేశానంటే వీధి చివరి నుంచి వెనక్కొచ్చి లాగి చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

“ఏమండీ, నా మాటకీ టెస్టర్ పెట్టాలా? ఒక్కసారన్నా ఊరికే నమ్మొచ్చుగా?” అని అక్క నవ్వేసేది. నవ్వుతూనే మొహం చిన్నబుచ్చుకునేది.

గుండెజబ్బుతో అక్క ఆసుపత్రిలో చేరితే బావ మంచం పక్క నుంచి కదల్లేదు. నిద్రపోతోందని నర్సు చెప్పినా అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. తిండి లేక మనిషి పుల్లలా అయిపోయాడు. ఒక మధ్యాహ్నం అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

“నాకు బాగానే ఉంది. ఇంటికెళ్ళి స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని రండి. ఈ ఒక్కసారికి నమ్మండి.”

బావ నమ్మాడు. నర్సునైనా అడక్కుండా వెళ్ళాడు. ఇంట్లో తల తుడుచుకుంటుండగా అక్క పోయిందని కబురొచ్చింది. పొద్దుటి నుంచీ నొప్పిగానే ఉందట, ఆయన ఇంత తింటాడని దాచిపెట్టిందట. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇవాళ సాయంత్రం పని ముగించి బావ ఇంటికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“తిన్నారా బావా?”

“ఆ, తిన్నాను. నాకు బాగానే ఉందిరా. నువ్వెళ్ళు, చీకటి పడుతోంది.”

నేను నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూశాను. పొడిగా ఉంది. చొక్కా చేతులు మడిచి బియ్యం కడిగాను.