రాహ్ అంటే పోవడమేనా?

మా అమ్మ నా చిన్నప్పుడు కువైట్‌లో ఒకరింట్లో వంటపనికి వెళ్లింది. నేనూ అమ్మమ్మా తార్నాకలో ఉండేవాళ్లం. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అమ్మ పక్కింటికి ఫోన్ చేసేది. ఒకసారి కొన్ని వారాలపాటు ఆ ఫోన్ రాలేదు. అమ్మమ్మకు అన్నం సయించేది కాదు.

ఒక సాయంత్రం పక్కింటి అక్క పిలిస్తే పరుగెత్తాను. ఫోన్‌లో అమ్మ కాదు, ఎవరో అరబ్బు ఆవిడ. "మామా రాహ్ తియీ" అని ఒకటికి రెండుసార్లు అంది. లైను తెగిపోయింది.

అక్క దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో అరబ్బీ ఎం.ఏ. చదివేది. విన్నది విన్నట్టు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. "మామా అంటే అమ్మ. రాహ్ అంటే... పోయింది అని" అంది, తనలో తాను అనుకున్నట్టు. నా వెనకే వచ్చిన అమ్మమ్మ అది వినేసి, "నా తల్లీ" అంటూ గుమ్మంలోనే కూలబడింది.

నేను ఏడవలేదు. అమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. అది నన్ను మరీ భయపెట్టింది.

అక్క మాత్రం అక్కడితో ఊరుకోలేదు. "తియీ అన్న మాట నేను యాడ సదవలే. పా, అడుగుదాం" అని నా చెయ్యి పట్టుకుని క్యాంపస్‌కు తీసుకెళ్లింది. అక్కడ హాస్టల్లో ఇరాక్ నుంచి వచ్చిన విద్యార్థి ఒకాయన ఉండేవాడు. ఆయన నా చేత ఆ మాట మళ్లీ అనిపించుకుని, అక్కకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

అక్క నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మ వస్తదంట బిడ్డా! ఆ దిక్కు వాళ్లు మాట్లాడే అరబ్బీల ఇంకో మాట ముంగట రాహ్ పెడితే ఇంక కాబోయే పని అంట. తియీ అంటే వచ్చుడు. నిజంగ పోయుంటే రాహత్ అంటరంట. మనం రాబోతున్నది అంటం గదా, అండ్ల గూడ పోవుడే ఉన్నది."

"ఎప్పుడొస్తుంది?"

అక్క అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ మాటల ఏ రోజన్నది లేదంట" అంది అక్క మెల్లగా.

ఇంటికొచ్చి అక్క అమ్మమ్మ పక్కన నేలమీద కూర్చుంది. "తప్పు నాదే అమ్మమ్మా. నాకొచ్చింది పుస్తకాల అరబ్బీ. సగం తెల్సి నోరు జారిన" అంది. అమ్మమ్మ నమ్మలేదు. గుమ్మంలో అమ్మ నిలబడేదాకా నమ్మలేదు. అమ్మ కుడిచేతికి పిండికట్టు ఉంది. మెట్ల మీద నుంచి పడిందట, అందుకే ఫోన్ చేయలేకపోయిందట. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఇన్నేళ్లకూ ఎవరి గురించైనా సగం కబురు వస్తే నా మనసు ముందు చెడే వెతుకుతుంది. అయినా ఎవరితోనూ అనను. సంగతి తెలిసినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడుగుతాను. అది అక్క నేర్పింది. భయం మాత్రం నాతోనే ఉండిపోయింది.