బెంజి జాబర్ రాజేశం బావ ఇక లేడు

నిన్న మధ్యాహ్నం డాక్టర్ బయటికొచ్చి "బహుత్ లేట్ హో గయా" అన్నాడు. ఎవరి గురించి అంటున్నాడో కాసేపు నా తలకెక్కలేదు.

మా రాజేశం బావ గురించి. మా సుగుణక్క భర్త. పొద్దున నాతో కలిసి చాయ్ తాగిన మనిషి.

ఫోన్ చేస్తున్న అందరికీ "హార్ట్ ఎటాక్" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తున్నాను. మిగతాది నోటితో చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం. బావ ముంబై దగ్గర కనేరిలో ఒక బట్టల కార్ఖానాలో జాబర్. అంటే సాంచెలు, బట్ట నేసే కరెంటు మగ్గాలు, చెడిపోతే బాగుచేసే మేస్త్రీ. ఇరవై నాలుగు సాంచెలు ఒకేసారి మోగుతుంటే గుమ్మంలో నిలబడి, ఏది తేడాగా మోగుతోందో చెప్పేసేవాడు.

జాబర్లకు ఒక అలవాటు ఉంటుంది. తమ సెట్టింగ్ ఎవరికీ చూపించరు. పక్కన ఎవరైనా నిలబడితే పానా కింద పెట్టి బీడీ వెలిగిస్తారు. పని నేర్పేస్తే రేపు సేట్‌కు తమతో పనేముంది? బావ కూడా అంతే.

ముంబై మునిగిపోయిన ఆ వర్షాకాలం తర్వాత, కుర్లాలో తుక్కు అమ్మే భంగార్ బజార్ నుంచి ఒక పాత బెంజి కారును టెంపో వెనక కట్టి లాక్కొచ్చాడు. డోర్ తీస్తే సీట్ల మీద జానెడు బురద. ముక్కు పగిలే వాసన. మేముండే టెంఘర్‌లో మా బిల్డింగ్ మొత్తం కిందికి దిగి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. రేపు లిఫ్ట్ ఇయ్యి అనుకుంట మీరే నా ఎంబడి పడుతరు," అన్నాడు.

రెండేళ్లు పట్టింది.

శుక్రవారం కార్ఖానాలకు సెలవు కదా. ప్రతి శుక్రవారం బావ ఆ కారు కిందే. కార్పెట్లు పీకి మేడ మీద ఆరేశాడు. తుప్పు పట్టిన కనెక్షన్లు ఒక్కొక్కటీ విప్పి తుడిచాడు. ఇంజన్ కింద రబ్బర్లు పోతే, సాంచెకు వాడే తోలు ముక్కలు కోసి పెట్టాడు. అక్క కోరా గుడ్డతో సీట్లకు కవర్లు కుట్టింది.

స్టార్ట్ అయిన రోజు బావ ఏడ్చాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇనురా, ఎంత సల్లగ నడుస్తున్నదో," అన్నాడు.

బాగుచేయడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. ప్రతి వర్షాకాలం ఏదో ఒకటి పోయేది. బావ మళ్లీ కిందికి దూరేవాడు. విసుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

పక్కింటి వదిన కోడలికి నొప్పులొస్తే అందులోనే తీసుకెళ్లాడు. దవాఖానా గేటు దగ్గర, వెనక సీట్లోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను ఇప్పటికీ అందరం బెంజి అనే పిలుస్తాం.

ఇక నా సంగతి.

శుక్రవారాలు నేనూ పది గంటలకు తయారై కిందికి దిగేవాణ్ని. పానాలు అందించాను. చాయ్ తెచ్చాను. కారుకు ఆనుకొని ఫొటోలు దిగి "బావ, నేను కలిసి చేసిన బండి" అని ఇక్కడే పెట్టాను. మీరంతా లైకులు కొట్టారు. ఆ కారులో నాకు తెలియని నట్టు లేదని ఊరంతా చెప్పుకున్నాను.

అబద్ధం. ఆ బండిని నేను ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. బావ చేయనివ్వలేదు. నేర్పమని అడగడానికి నాకు నామోషీ.

నిన్న శుక్రవారం. పదకొండు గంటలప్పుడు బావ ఛాతీ పట్టుకొని మంచం మీద కూలబడ్డాడు. మాట పడిపోయింది. అక్క తాళంచెవి నా చేతిలో పెట్టి "జల్ది బండి తియ్యి తమ్మీ," అంది.

కిందికి ఉరికాను. తాళం తిప్పాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు.

మళ్లీ.

మళ్లీ.

నలుగురం మగవాళ్లం బానెట్ ఎత్తి చూస్తూ నిలబడ్డాం. ఒకరు బ్యాటరీ అన్నారు, ఒకరు ప్లగ్గులు అన్నారు. నాకు తెలిసినట్టే తల ఊపాను.

అక్క పైన రెండో అంతస్తులో బావ తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పైకెళ్లి అడగాలని నాకు తోచలేదు. బండి సంగతి అక్కకేం తెలుసు అనుకున్నాను. అనుకున్నానని కూడా చెప్పలేను, ఆమె అసలు గుర్తుకే రాలేదు.

సెల్ఫ్ నీరసించిపోయింది. అప్పుడు ఆటో కోసం పరుగెత్తాం. ఆటో దొరికి, గుడ్డ బేళ్ల టెంపోల మధ్య ఇరుక్కుంటూ దవాఖానా చేరేసరికి గంట దాటింది. అరగంట ముందు తెచ్చి ఉంటే బతికేవాడేమో అన్నాడు డాక్టర్.

ఈ పొద్దున పాడె కట్టడానికి బిల్డింగ్ ముందు జాగా కావాలన్నారు. కారు అడ్డంగా ఉంది. అందరం వెనక చేరి తోయబోతున్నాం. కింద చాప మీద, బావ పక్కన కూర్చున్న అక్క తలెత్తింది.

"నూకకుండ్రి. డ్రైవర్ సీటు కింద సాంచె స్విచ్చు ఉంటది. అది వత్తినంకనే ఇంజన్‌కు పెట్రోల్ వస్తది."

దొంగల భయానికి బావ పెట్టిన స్విచ్. ప్రతి శుక్రవారం, నేను దిగకముందే, బావ బానెట్ దగ్గర చెవి పెట్టి వింటుంటే లోపల కూర్చొని స్విచ్ వత్తి తాళం తిప్పింది అక్కేనట.

సీటు కింద చెయ్యి పెట్టాను. దొరికింది. పక్కనున్న టెంపో బ్యాటరీ తగిలించి, స్విచ్ వత్తి తాళం తిప్పాను. మొదటిసారికే స్టార్ట్ అయింది.

"నిన్న ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. అడగకూడదు. అడిగాను.

"నీకు ఎరుకే అనుకున్న. నువ్వే చెప్పినవ్ గదరా అందరికి, బండి మొత్తం ఎరుకేనని."

కోపంగా కూడా అనలేదు.

దయచేసి ఎవరూ "నీ తప్పు లేదు" అని కామెంట్ పెట్టకండి.

బావా, ఇక సెలవు. నువ్వన్నా నిమ్మళంగ ఉండు.