బాబాయి పేరు మీద పది ఎంట్రీలు

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నెట్‌వర్క్ పాఠం చెప్పే పని నా మీద పడింది. తల నెరిసినవాడు చెబితే బుద్ధిగా వింటారని మా మేనేజరు ఉద్దేశం కాబోలు. కంప్యూటర్లకు అడ్రసులు వాటంతటవే ఎలా వస్తాయో బోర్డు మీద బొమ్మ గీశాను. ఆఫీసులో ఒక్కో అంతస్తు ఒక్కో సబ్‌నెట్, అంటే ఒక వీధి లాంటిది. ఆ వీధి నంబర్లు ఆ వీధివే. వైరు తగిలించగానే కంప్యూటర్ నాకో నంబరివ్వండని కేక వేస్తుంది. ఆ కేక అంతస్తు దాటి వినపడదు కాబట్టి, దాన్ని అందుకుని కింద ఉన్న సర్వరు దాకా మోసుకెళ్ళే ఏర్పాటు ప్రతి అంతస్తులోనూ ఉంటుంది. కేక ఏ వీధి నుంచి వచ్చిందో చూసి, సర్వరు అక్కడ ఖాళీగా ఉన్న నంబరొకటి ఇచ్చి, వీధిలోంచి బయటపడే దారి కూడా చెప్పి పంపుతుంది. అంతవరకూ బాగానే నడిచింది. చివర్లో ఐర్లండులోనే మేయో జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయి చెయ్యెత్తి, అందరికీ సరైన దారి చెబుతూ ఒక్క కంప్యూటర్‌కు మాత్రం తప్పు దారి చెప్పడం కుదురుతుందా అని అడిగింది. కుదురుతుంది గానీ అలాంటి పని ఎవరూ చెయ్యరన్నాను. తర్వాత మంచినీళ్ళ నెపంతో బయటికొచ్చి కాసేపు మెట్ల మీద నిలబడ్డాను.

ఆ పని నేను చేశాను. బాబాయికి చేశాను.

బాబాయి నాకు చుట్టమేమీ కాదు. గుంటూరు జిల్లా మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. డబ్లిన్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల ప్రోగ్రాములు రాసేవారు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో అద్దెకు ఇల్లు దొరక్క హాస్టల్లో ఎనిమిదిమంది మధ్య పడుకుంటున్నానని ఎవరో చెబితే, ముక్కూమొహం తెలియని నన్ను కారేసుకుని వచ్చి తీసుకెళ్ళి, తమ ఇంట్లో ఇస్త్రీ బల్ల పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసి ఇచ్చారు. అందులో మూడున్నర నెలలున్నాను. ఆయన భార్యను పిన్నీ అని పిలవడం అప్పుడే అలవాటైంది. తర్వాత తమ కంపెనీలోనే నెట్‌వర్క్ టీములో ఉద్యోగం చూపించిందీ ఆయనే. ఏది బాగున్నా, బాగాలేకపోయినా "గ్రాండ్ రా" అనేవారు. ఐర్లండులో ఆయన నేర్చుకున్న మొదటి మాట అదేనట, ఇక రెండోది అవసరం పడలేదని నవ్వేవారు.

ఆయనకొక అలవాటుండేది. వాళ్ళింటికి వచ్చిన మొదటి వారంలో నేను కరెంటు కెటిల్లో అన్నం వండబోయి, ఇంటి ఫ్యూజు కొట్టేసి, చీకట్లో మెట్ల మీద కూర్చుని అమ్మను తలుచుకుని ఏడ్చాను. నిజమే, ఏడ్చాను. బాబాయి ఆ సంగతిని క్యాంటీన్లో చెప్పేవారు, ఉగాది సంబరాల్లో చెప్పేవారు, మా మామగారు వచ్చినప్పుడు ఆయనకీ చెప్పారు. మొదటి ఏడాది నేనూ నవ్వాను. ఏళ్ళు గడిచి నా కింద నలుగురు పనిచేసే రోజులొచ్చాయి. అప్పుడొక మధ్యాహ్నం, ఆ నలుగురూ కొత్త డైరెక్టరూ వింటుండగా, ఈసారి నా ఏడుపును నోటితో చేసి మరీ చూపించారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వి వెళ్ళి నా సీట్లో కూర్చుని సర్వరు తెరిచాను.

ఫలానా కంప్యూటర్ వస్తే ఈ నంబరే, ఈ దారే ఇవ్వమని సర్వరులో ముందే రాసిపెట్టవచ్చు. ప్రింటర్లకు అలా చేస్తాం. బాబాయి కూర్చునే మూడో అంతస్తులో ఆయన లాప్‌టాప్ పేరు మీద ఒక ఎంట్రీ రాసి, దారి దగ్గర ఎక్కడికీ వెళ్ళని నంబరొకటి పెట్టాను. ఒక్క పూట ఏడిపిద్దామనే అనుకున్నాను. అరగంటలో ఫోనొచ్చింది. అందరికీ వస్తోంది, నాకే రావట్లేదేందిరా అన్నారు. ఎంట్రీ తీసేసి పైకి వెళ్ళి, లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. చక్కగా పనిచేసింది.

"ఏమీ లేదు బాబాయ్, మీరే ఏదో నొక్కినట్టున్నారు," అన్నాను.

"నొక్కానేమోరా," అన్నారాయన. ఆ "ఏమో" నాకు ఎంత రుచిగా ఉందో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు ఎంట్రీ మళ్ళీ పెట్టాను. పాపం, ఆయన లాప్‌టాప్ పట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళారు. ఒక వీధికి రాసింది ఇంకో వీధికి వర్తించదు కాబట్టి అక్కడ బాగానే పనిచేసింది. అది చూసి నాలుగో అంతస్తుకు కూడా రాశాను. మొత్తం ఐదంతస్తులు, వైరుకొకటి, వైఫైకొకటి, వెరసి పది ఎంట్రీలు. ఒక్కోదానికి ఆ వీధి నంబర్లు చూసుకుని విడిగా రాయాలి. కోపంలో చేశానని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కోపానికి అంత ఓపిక ఉండదు.

ఐదు వారాలు సాగింది. మధ్యమధ్య ఒకటి రెండు రోజులు తీసేసేవాణ్ణి, అప్పుడే ఆయనకు తన మీద అనుమానం ఎక్కువయ్యేది. బాబాయి చిన్న నోటుబుక్కు కొనుక్కుని, ముందు వైరు, తర్వాత మూత, తర్వాత ముప్పై లెక్కపెట్టాలి అని తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టారు. కంపెనీ పెద్దల ముందు తన ప్రోగ్రాము చూపించాల్సిన రోజున తెర ఖాళీగా నిలబడిపోయింది. పక్కనున్న కుర్రది అదే వైరు తన లాప్‌టాప్‌కు తగిలిస్తే క్షణంలో వచ్చింది. నేను గాజు తలుపు ఇవతలి నుంచి చూస్తున్నాను. ఆయన నోటుబుక్కు తీసి, రాసుకున్నది మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్నారు. ఆ సాయంత్రం నన్ను వరండాలోకి పిలిచి, ఎవరూ వినకుండా అడిగారు.

"మా నాయనకి అరవై దాటకుండానే మతి పోయిందిరా. మమ్మల్నే గుర్తుపట్టేవాడు కాదు. నాక్కూడా మొదలైందంటావా?"

అక్కడైనా నేను ఆగిపోగలిగేవాణ్ణి. "ఎందుకైనా మంచిది, ఒకసారి జీపీకి చూపించుకోండి బాబాయ్," అన్నాను.

చూపించుకున్నారు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఆస్పత్రికి రాశారు, అక్కడ పరీక్షలు చేసి ఏ జబ్బూ లేదన్నారు. ఇంకా బయటపడలేదు కాబోలని బాబాయి అర్థం చేసుకున్నారు. ఎవరూ అడగకుండానే ఉద్యోగం వదిలేశారు. డ్రైవింగ్ మానేశారు. ఇంటి లీజు రద్దు చేసుకుని, వాళ్ళమ్మాయి డాక్టరుగా పనిచేస్తున్న కిల్కెన్నీకి ఇద్దరూ వెళ్ళిపోయారు. ఆఖరి రోజున కేకు కోస్తుంటే నేనూ చప్పట్లు కొట్టి, సీటుకు వచ్చి పది ఎంట్రీలూ చెరిపేశాను. దానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండేళ్ళు ఎలాగో తొక్కిపెట్టాను. ఒక ఆదివారం మా ఆవిడకు కూడా చెప్పకుండా మేముండే క్లోనీలో బయలుదేరి కిల్కెన్నీ వెళ్ళాను. వంటింట్లో ప్రతి ప్రెస్సు, అంటే ప్రతి అల్మరా తలుపు మీదా కాగితాలు అంటించి ఉన్నాయి. కప్పులు, పప్పులు, మందులు అని బాబాయి గుండ్రటి అక్షరాలు. ఆ కాగితాల కింద కూర్చుని, అంతస్తు తర్వాత అంతస్తుగా ఏం చేశానో మొత్తం చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. విని, లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేశారు.

"నా బాధ పోగొట్టాలని ఎంత కథ అల్లుకొచ్చావురా," అన్నారు.

కథ కాదు బాబాయ్, ఒట్టు అన్నాను. ఆయన పిన్ని వైపు తిరిగి, "చూశావా, నా కోసం నింద కూడా నెత్తినేసుకుంటున్నాడు, పిచ్చి వెధవ," అని కళ్ళు తుడుచుకున్నారు. పిన్ని స్టవ్ మీద కాఫీకి పెట్టిన పాలు దించి, సింకులో పారబోసింది.

నేను కారు దగ్గరికి వచ్చేసరికి చెప్పుల్లేకుండానే వెనకాల వచ్చింది. సన్నగా వాన పడుతోంది.

"ఆయన నమ్మలా. నేను నమ్మాను," అంది. "ఆయనకి మళ్ళీ చెప్పమాక. బుర్ర చెడిందనుకుని ఆ కాగితాలు అంటించుకుని ఏదో బతుకుతున్నాడు. నువ్వే చేశావని తెలిస్తే దేన్ని పట్టుకుని బతుకుతాడు? నువ్వింక రామాక."

వెళ్ళలేదు. వాళ్ళమ్మాయికి ఏమీ తెలియదు కాబట్టి మా ఆవిడతో అప్పుడప్పుడూ మాట్లాడుతుంటుంది. బాబాయి జ్ఞాపకశక్తికి ఇప్పటికీ ఏమీ కాలేదట. అయినా పొద్దున్నే లేచి, మంచం దిగే ముందు ఆ రోజు వారమూ తేదీ పైకి చెప్పి, తప్పు లేదు కదా అని పిన్నిని అడుగుతారట. నేను తేదీ చూసుకోకుండానే నెలలు దాటేస్తున్నాను. ఆయన మాత్రం ఒక్కో రోజునూ సాక్షిని పెట్టుకుని దాటుతున్నారు.