నాన్నకి పొట్టిమెడ బేసు

గొంతు బొంగురుపోయిందని మా నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆ గొంతునే తీసేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఊరికే పుట్టలేదు. లోపల పుండు మంచిది కాదు, తియ్యకపోతే మనిషి దక్కడన్నారు. మనిషి దక్కాడు. మెడ కింద చిన్న కన్నం, దాంట్లోంచి ఊపిరి, మాటలకి బదులు పిల్లలు రాసుకునే పలక.

డెబ్బైల మధ్యలో మాట ఇది. మాచవరంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం, నేనూ నాన్నా. అమ్మ అప్పటికే లేదు. నేను మిషను బడిలో టీచర్ని. నాన్న రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు గాని, ఆ ఉద్యోగం పేరు చెబితే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. మా చర్చి క్వయిర్‌లో ముప్పై ఏళ్ళు బేసు పాడాడు. నాలుగు గొంతుల్లో అన్నిటికన్నా అడుగున నడిచేది బేసు. ఉన్నన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోరు, లేకపోతే పాటంతా కుంటుతుంది. నాన్న మంచాన పడ్డాక బేసులో మిగిలిన ఇద్దరూ ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక, పక్కవాళ్ళ మొహాలు చూసి పాడేవారు.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున పెట్టిన గంజి పెట్టినట్టే ఉంది. పలక మీద ‘నన్నెందుకు బతికించారు?’ అని రాసి ఉంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కొంగుతో పలక తుడిచేశాను. తుడిచాక భయం పట్టుకుంది. ఆ మాట పలక మీద నుంచి పోయింది గాని, ఆయన లోపల నుంచి పోలేదు కదా.

ఆ నెలలోనే మా బడి టీచరు పెళ్ళికి పామర్రు వెళ్ళాను. పందిట్లో పాటకచేరీ. పాడేవాళ్ళ వెనకాల నాలుగే తీగలున్న గిటారు ఒకటి వాయిస్తున్నారు. ఆ మోత చెవికి కాదు, కడుపుకి తగిలింది. పళ్ళెంలో లడ్డూ వదిలేసి వెళ్ళి అదేమిటని అడిగితే, ‘బేసు గిటారండీ’ అన్నాడు వాయించేవాడు. పేరు కూడా అదే అయ్యేసరికి ఇక నేను ఆగలేదు. నాన్నకి సోల్ఫా, అంటే పాట స్వరాల్ని అక్షరాల్లో రాసే లిపి, చదవడం వచ్చు. గొంతు లేకపోతే వేళ్ళతో పాడతాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఇదే జపం.

వన్‌టౌన్‌లో వాయిద్యాల కొట్టుకి నాన్నని రిక్షాలో తీసుకెళ్ళాను. కలకత్తా నుంచి వచ్చిన బేసు ఒకటి గోడకి వేలాడుతోంది. దాని మెడ గడకర్రంత పొడుగు. ఆపరేషన్లో మెడనరం ఏదో తెగి నాన్న ఎడమభుజం జారిపోయింది, చెయ్యి పూర్తిగా చాపలేడు. వేళ్ళు గిటారు మెడ సగం దాకా వెళ్ళి ఆగిపోయాయి. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి ప్రయత్నించలేదు, గిటారు జాగ్రత్తగా కొట్టాయన చేతికిచ్చేశాడు.

‘పెద్దాయనకి పొట్టిమెడది కావాలండీ. అవి దొరకడమే కష్టం. దొరికినా మీ జీతాలకి అందవు’ అన్నాడు కొట్టాయన. ఉన్నమాటే అన్నాడు. అందుకే వాణ్ణి కొట్టాలనిపించింది.

మూడు వారాలు ఊళ్ళో ఉన్న పాటల పార్టీలన్నిటినీ గాలించాను. నాన్న రోజుకో ముద్ద తగ్గిస్తున్నాడు. చివరికి గుణదలలో ఒకాయన దగ్గర పొట్టిది ఉందని తెలిసింది. పిల్లల గిటారని అందరూ నవ్వుతుంటే అటక మీద పడేశాడట. దించి, మూలనున్న డబ్బాకి వైరు తగిలించి మోగించాడు. కిటికీ చువ్వలు అదిరాయి. ‘డబ్బులొద్దండీ టీచరుగారూ, మా ఆవిడకి కుట్టుమిషనుంటే చాలండి’ అన్నాడు. అమ్మ మిషను ఇచ్చేశాను. మేము ప్రొటెస్టెంట్లం, గుణదల కొండ మీది మాతకి కొవ్వొత్తి వెలిగించడం మా ఇంటా వంటా లేదు. ఆ రోజు కొండెక్కి వెలిగించొచ్చాను. మునిగిపోయేవాడు గడ్డిపోచది ఏ సంఘమని అడుగుతాడా?

ఇంట్లో నాన్న గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. చెయ్యి మెడ చివరిదాకా అందింది. తీగ మీటాడు. దోమ ఎగిరినంత చప్పుడు. మళ్ళీ మీటాడు. అంతే.

పరుగున గుణదల వెళ్ళాను. ‘డబ్బా లేకపోతే ఎలా పలుకుద్దండీ? డబ్బా పార్టీవాళ్ళది, నేనమ్మేది కాదండీ’ అన్నాడాయన, నామీద జాలిపడుతూ. ఆ డబ్బా పెళ్ళిళ్ళలో మైకులాంటిదని, ఉన్న చప్పుడుని పెంచుతుందని అనుకున్నాను. అది లేకపోతే చప్పుడే లేదని నాకెవరు చెప్పారు? గొంతులేని మనిషికి గొంతులేని గిటారు కొనిపెట్టాను, అదీ మా అమ్మ మిషను ఇచ్చి. ఇంటి గడప మీద కూర్చుని వీధిలో వాళ్ళు చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

లోపల నుంచి నాన్న చప్పట్లు కొట్టి పిలిచాడు. వెళ్ళి చూస్తే గిటారు అంచుని దవడకి ఆనించుకుని మీటుతున్నాడు. నా దవడకీ ఆనించాడు. ఎముకలోంచి గుమ్మని వచ్చింది. తర్వాత దాన్ని చెక్కబీరువా తలుపుకి నొక్కిపట్టి మీటాడు. బీరువా మొత్తం మూలిగింది. ఆ పూట రెండుసార్లు అన్నం అడిగాడు.

ఆ గిటారుతో నాన్నని మళ్ళీ బేసు వరుసలో కూర్చోబెడతానంటే, క్వయిర్ మాస్టారు మాత్రం ససేమిరా అన్నారు.

‘చర్చిలో కరెంటు గిటారేంటండీ? రేపు డ్రమ్ములూ తెస్తామంటారు.’

‘కరెంటు అక్కర్లేదండీ. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటారు.’

‘ఊరికేనా? పాపం, కూర్చోమనండి.’

ఆ ‘పాపం’ నాకు కారం పూసినట్టు తగిలింది. మాట జారితే నాన్నకి ఆ చోటూ ఉండదు.

ఈస్టరు ఉదయం బేసు వరుసలో చివర కూర్చున్నాడు నాన్న. వాళ్ళ ముందు పాటల పుస్తకాలు పెట్టుకునే పొడవాటి బల్ల ఉంది. గిటారు అంచుని ఆ బల్లకి నొక్కిపట్టాడు. నిలబడ్డ ఇద్దరి అరచేతుల్నీ లాగి బల్ల మీద పెట్టాడు. వాళ్ళకేమీ అర్థం కాలేదు. పాట మొదలైంది. నేను ఆడవాళ్ళలో కింది గొంతు పాడే ఆల్టో వరుసలో నిలబడ్డాను, పాట మీద ధ్యాస లేదు. బేసు ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. నాన్న వేలు కదిలింది. ఆ ఇద్దరూ చెయ్యి కాలినట్టు ఉలిక్కిపడి, సరిగ్గా ఆ స్వరం మీదే ఎత్తుకున్నారు. చివరిదాకా ఎవరి మొహమూ చూడలేదు.

ఆరాధన అయ్యాక మాస్టారు ఆ ఇద్దరి భుజాలూ తట్టారు. ‘ఇవాళ బేసు బ్రహ్మాండంగా పలికిందండీ’ అన్నారు. నాన్నవైపు చూడను కూడా చూడలేదు. ఇంటికొచ్చేదాకా రిక్షాలో నేను కుతకుత ఉడుకుతూనే ఉన్నాను. ‘నీ పేరు ఒక్కళ్ళయినా ఎత్తారా నాన్నా? వెళ్ళి అడిగేసి రానా?’ అన్నాను.

నాన్న వద్దన్నట్టు నా చెయ్యి నొక్కాడు. పలక తీసుకుని, రిక్షా కుదుపులకి అక్షరాలు వంకర పోతుంటే రాశాడు: ‘రెండో చరణంలో ఒకచోట తప్పు పాడాను. ఎవరికీ చెప్పకు.’